మానవ జీనోమ్ ఫైల్ తెరిచే ముందు: ప్రాజెక్టు విద్యార్థులకు జాగ్రత్తలు

జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ విద్యార్థి రక్తం తీయడు, రోగి ముఖం చూడడు. అతని చేతికి వచ్చేది ఒక ఫైల్ మాత్రమే. అందువల్ల నైతిక అనుమతులన్నీ ఆసుపత్రివారి బాధ్యతేననీ, తన పని లెక్కల వరకేననీ అనుకోవడం సహజం. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం మానవ జీనోమ్ డేటాను తొలిసారి తెరవబోయేవారు ముందుగా వదులుకోవలసింది ఈ భావననే.

మొదట సమ్మతి పత్రం ప్రతిని గైడ్‌ను అడిగి తీసుకుని, నమూనాలిచ్చిన దాతలు ఏ పరిశోధనకు ఒప్పుకున్నారో స్వయంగా చదవాలి. అమెరికాలో హవాసుపాయ్ తెగవారు 1990 నుంచి మధుమేహ పరిశోధన కోసమని ఇచ్చిన రక్తాన్ని స్కిజోఫ్రీనియా, వలసల చరిత్ర వంటి అధ్యయనాలకూ వాడినందుకు, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 2010లో 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇవ్వవలసి వచ్చింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలను అనుసరించి, పాత డేటాను మళ్లీ వాడేటప్పుడు నైతిక సమీక్ష నుంచి మినహాయింపు ఉందో లేదో తేల్చవలసినది నైతిక సంఘమే; ఆ నిర్ణయం విద్యార్థిదీ కాదు, గైడ్‌దీ కాదు.

పేర్లు తీసివేశాం కనుక భయం లేదన్న మాటను నమ్మవద్దు. 2013లో కొందరు పరిశోధకులు, బహిరంగంగా ఉన్న జీనోమ్‌లలో, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్ గుర్తులను వంశవృక్ష వెబ్‌సైట్లతో పోల్చి దాతల ఇంటిపేర్లను ఊహించి, వాటికి వయసునూ రాష్ట్రాన్నీ జోడించి, దాదాపు 50 మంది ఎవరో తేల్చారు. మన దగ్గర అంత శ్రమ కూడా అక్కరలేదు. అరుదైన జబ్బున్న బిడ్డ, మండలం పేరు, తల్లిదండ్రులది మేనరికమన్న వివరం ఒకే వరుసలో ఉంటే, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు. కాబట్టి మండలానికి బదులు జిల్లా లేదా రాష్ట్రం, పుట్టిన తేదీకి బదులు వయసు శ్రేణి ఉంచండి. జన్యు మార్పుల జాబితా ఉండే వీసీఎఫ్ ఫైల్ పైభాగంలో రెండు హ్యాష్ గుర్తులతో మొదలయ్యే వరుసలను కూడా తప్పక చదవండి: ఆ ఫైళ్లపై పనిచేసే బీసీఎఫ్‌టూల్స్ అనే ప్రోగ్రామ్ మీరిచ్చిన కమాండ్‌ను యథాతథంగా అక్కడ రాసిపెడుతుంది కనుక, పాత ఫైల్ పేరులో రోగి పేరు ఉంటే అది నిశ్శబ్దంగా అక్కడికి చేరుతుంది. శాంపిల్ ఐడీలలో ఆసుపత్రి ఓపీ నంబరు వాడటం కూడా ఇలాంటి పొరపాటే.

ఒక వ్యక్తి గుర్తింపు దాచినా, ఒక కులం మీద ముద్ర పడవచ్చు. ఆర్యవైశ్యులలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఎక్కువన్న విషయం మత్తుమందు ఇచ్చే వైద్యునికి ప్రాణరక్షణ సమాచారం, ఎందుకంటే కండరాలను సడలించే సక్సినిల్‌కోలిన్ అనే మందు ప్రభావం అటువంటివారిలో చాలాసేపు నిలిచి ఊపిరి అందకుండా చేయగలదు. అదే విషయాన్ని జాగ్రత్తలేని శీర్షికతో రాస్తే పెళ్లి సంబంధాల దగ్గర ఎత్తిపొడుపుగా మారుతుంది. ఏ సమూహం పేరు రాసినా, అది ఎవరికి ఉపయోగమో ఆ పేరాలోనే చెప్పాలి.

అనుమతితో పొందిన డేటాను మిత్రునికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం, సొంత క్లౌడ్ ఖాతాలో ఉంచడం, కోడ్‌లో తప్పు వెతకమని చాట్‌బాట్‌లో అతికించడం, మూడూ షరతుల ఉల్లంఘన కిందికే రావచ్చు. కోడ్‌ను పరీక్షించడానికి కల్పిత డేటా చాలు.

లెక్కలో అశ్రద్ధ కూడా నైతిక లోపమేనని నా అభిప్రాయం. డ్యూక్ విశ్వవిద్యాలయపు క్యాన్సర్ పరిశోధనలో జన్యువుల జాబితా ఒక వరుస పక్కకు జరిగిందనీ, మందుకు లొంగే, లొంగని నమూనాల గుర్తులు తారుమారయ్యాయనీ బ్యాగర్లీ, కూంబ్స్ అనే గణాంక నిపుణులు బయటపెట్టారు. ఆ ఫలితాల ఆధారంగా రోగులపై నడుస్తున్న ట్రయల్స్‌ను 2010లో ఆపేశారు. ప్రతి మార్పునూ స్క్రిప్ట్‌లోనే చేయండి, ఎక్సెల్‌లో చేత్తో వరుసలు జరపవద్దు.

వెతకని చోట, రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ1 వంటి జన్యువులో ప్రమాదకరమైన మార్పు కనిపిస్తే దాతకు మీరే ఫోన్ చేయకూడదు, ల్యాబ్‌లో చర్చకు పెట్టకూడదు. గైడ్‌కు మాత్రమే చెప్పండి. సమ్మతి పత్రంలో అందుకు వీలుంటే, వైద్య ల్యాబ్‌లో నిర్ధారించిన తర్వాత జన్యు సలహాదారు ద్వారా ఆ కుటుంబానికి తెలియజేస్తారు. ప్రాజెక్టు ముగిశాక ల్యాప్‌టాప్‌లోని ప్రతులనూ, రీసైకిల్ బిన్‌నూ, బ్యాకప్‌నూ తుడిచివేసి, తుడిచిన తేదీని ల్యాబ్ రికార్డులో రాసి గైడ్ సంతకం తీసుకోండి.