జీవిత చరిత్ర రాసిన ఫ్రెండ్‌ని ఎలా అభినందించాలి?

మీ ఫ్రెండ్ ఇంకొకాయన జీవిత చరిత్ర రాశాడు, పుస్తకం వచ్చింది, చదివినవాళ్ళంతా బాగుందంటున్నారు. మీరేమో వాట్సాప్‌లో "కంగ్రాట్స్ రా" అని ఒక ముక్క పడేసి ఊరుకున్నారు. అది సరిపోదండీ. నేనూ అలాగే చేసి నాలిక్కరుచుకున్నవాణ్ణే.

ముందు పుస్తకం కొనండి. "నాకో కాపీ పడెయ్ రా" అని అడక్కండి. మన దగ్గర చాలా పుస్తకాలు 500, 1000 కాపీలే వేస్తారు, అదీ తరచుగా రాసినవాళ్ళ జేబులోంచే, దాంట్లో చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ పంచగా ఇంకేం మిగుల్తుంది? హైదరాబాద్‌లో ఉంటే కాచిగూడలో నవోదయ పుస్తకాల షాపుకి వెళ్ళి అడగండి, లేదా డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ దాకా ఆగక ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

తర్వాత చదవండి. మొత్తం కుదరకపోతే రెండు మూడు అధ్యాయాలైనా. ముందుమాట ఒక్కటే చదివి మాట్లాడితే దొరికిపోతారు, ఎందుకంటే అది రాసింది సాధారణంగా వేరేవాళ్ళు! దానికన్నా కృతజ్ఞతల పేజీ చూడండి, ఎన్ని ఇళ్ళ గడప తొక్కాడో అక్కడ తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. మీరు ఎవరిని మెచ్చుకుంటున్నారు? నా ఫ్రెండ్ ఒక పాతతరం నాటక కళాకారుడి మీద రాశాడు. ఆవిష్కరణ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో. నేను వాడి చెయ్యి పట్టుకుని "ఎంత గొప్ప మనిషి రా ఆయన, ఎన్ని కష్టాలు పడ్డాడు రా" అని పది నిమిషాలు ఊదరగొట్టాను. వాడు "అవును, అవును" అని తలూపుతూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక వెలిగింది, నేను పొగిడింది ఆ కళాకారుణ్ణి, వీణ్ణి కాదు. వీడు నాలుగేళ్ళు తార్నాక ఆర్కైవ్స్‌లో, 1901లో పెట్టిన లైబ్రరీ, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో పాత పేపర్లు తిరగేసి, ఆ కుటుంబంవాళ్ళు తలుపు తీసేదాకా తిరిగి తిరిగి రాసిన పుస్తకం అది.

మర్నాడు ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "ఆయన అప్పుల సంగతి ఇంట్లోవాళ్ళు నొచ్చుకోకుండా, అట్లాగని దాచిపెట్టకుండా ఎట్లా రాశావురా?" కాసేపు చప్పుడు లేదు. తర్వాత 40 నిమిషాలు వాడే మాట్లాడాడు. మీరూ అలాంటిదొకటి పట్టుకోండి: ఫలానా ఉత్తరం ఎక్కడ దొరికింది, ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఏది నమ్మావు, రాయకుండా వదిలేసింది ఏమైనా ఉందా. పేజీ నంబరు చెప్పి మరీ అడిగితే ఇంకా సంతోషిస్తాడు.

అచ్చుతప్పులు కనపడతాయి, కనపడకుండా ఎలా ఉంటాయి! ఒక కాగితం మీద రాసుకుని పెట్టుకోండి, రెండో ముద్రణ మాట వచ్చినప్పుడు ఇవ్వండి, ఆ రోజున మాత్రం వద్దు. "ఎంత మిగిలింది?" అనీ అడగొద్దు. "మా తాతయ్యది కూడా రాసిపెట్టవా" అనేవాళ్ళు ప్రతి సభలో ఒకరుంటారు, ఆ ఒకరు మీరు కాకుండా చూసుకోండి.

శాలువా, బొకే కూడా వద్దు, సన్మానాలయ్యాక వాళ్ళింట్లో శాలువాలు బీరువాలో పట్టవు. ఆ డబ్బుతో ఇంకో కాపీ కొని మీ పేటలోని లైబ్రరీకి ఇవ్వండి, ఫ్రెండ్‌ని ఇరానీ చాయ్‌కి తీసుకెళ్ళండి, మీ కాపీ మీద సంతకం అక్కడ పెట్టించుకోండి. నా కాపీలో మావాడు ఏం రాశాడో తెలుసా? "శాలువా తేనందుకు థాంక్స్ రా."