టైమింగ్ చైన్ చక్రంపై ఒక పన్ను పక్కకు తప్పితే సరిచేసిన పద్ధతి

టైమింగ్ చైన్ అంటే క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసు) క్యామ్‌తో (వాల్వులు తెరిచే ఇరుసు) కలిపే గొలుసు. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, స్ప్రాకెట్ల (చైన్ ఎక్కే పళ్ల చక్రాల) గుర్తులకు చైన్‌లోని రంగు లింకులు ఎదురుగా కూర్చోబెట్టాను. కొత్త చైన్‌కి ముందే ఇంజన్ ఆయిల్ పట్టించాను.

అసలు తంటా చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ దగ్గరే. గైడు (చైన్ ఆనుకుని జారే పట్టీ) వైపు చైన్ బిగుతుగా ఉండి, వదులంతా టెన్షనర్ వైపే రావాలి. లేదంటే టెన్షనర్ ప్లంజర్‌ను (చైన్‌ను తోసే కడ్డీని) ఆపి ఉంచే పిన్ను లాగగానే క్యామ్ కాస్త తిరిగి గుర్తు ఒక పన్ను పక్కకు పోతుంది. ఇక్కడ జరిగింది అదే. ప్లంజర్‌ను లోపలికి నొక్కి, పిన్ను పెట్టి, చైన్ విప్పి మళ్లీ ఎక్కించాను.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్‌ను పానాతో, ఇంజన్ తిరిగే దిశలోనే, 2 పూర్తి చుట్లు తిప్పాను. స్టార్టర్ జోలికి మాత్రం పోవద్దు. స్ప్రాకెట్ గుర్తులు మళ్లీ కలిశాయి. రంగు లింకులు కలవవు, కంగారు పడక్కర్లేదు. మధ్యలో గట్టిగా అడ్డుపడితే బలం పెట్టకుండా ఆపాలి, వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండొచ్చు.