చర్చి లైంగిక వేధింపుల వార్తలు: శీర్షిక చూసి నమ్మేముందు ఏం చూడాలి?

పత్రిక డెస్కులో చాలా ఏళ్లు ఏజెన్సీ వార్తలు తెలుగు చేశాను. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఎవరి ఫోనుకు ఇలాంటి వార్త వచ్చినా "అక్కా, ఇది నిజమేనా?" అని నన్నే అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

సాధారణంగా వార్త రాసిన విలేకరి శీర్షిక పెట్టడు. ఎడిషన్ వేళ మించిపోతుంటే, ఉన్న జాగాలో పట్టేలా డెస్కులో ఇంకొకరు పెడతారు. అందుకే దాన్ని పక్కనపెట్టి మూడు సంగతులు వెతకండి: ఉత్తర్వు ఎవరిచ్చారు, ఎవరికి వర్తిస్తుంది, విషయం పోలీసుల దాకా వెళ్తుందా?

2019 డిసెంబరు 17న వెలువడిన పోప్ ఫ్రాన్సిస్ ఉత్తర్వునే తీసుకోండి. 'రహస్యం రద్దు' అన్నది చూసి ఫైళ్లన్నీ బయటపెడతారని కొందరు సంబరపడ్డారు. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకున్నది కూడా బయటికొస్తుందేమోనని కొందరు బెంగపడ్డారు. రెండూ కావు. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు, విచారణలకు, తీర్పులకు అంతవరకూ ఉన్న పోప్ స్థాయి రహస్య నిబంధన తీసేశారు. బాధితుల నోటికి, ఫిర్యాదుదారుల నోటికి, సాక్షుల నోటికి ఇక తాళం వేయకూడదు. దేశ చట్టం ప్రకారం కోర్టు కాగితాలు అడిగితే రహస్యమని తప్పించుకోవడం కుదరదు. అయితే వ్యక్తుల పరువు, గోప్యత కాపాడే మామూలు ఆఫీసు గోప్యత అలాగే ఉంది. పాపసంకీర్తనం జోలికి ఉత్తర్వు పోనేలేదు. నా దృష్టిలో బాధితుల నోటికి తాళం తీయడమే ఇందులో అసలు వార్త. చాలా శీర్షికల్లో కనపడనిదీ అదే.

అదే ఏడాది మే నెలలో వచ్చిన చట్టం ప్రకారం గురువులు (ఫాదర్లు), కన్యస్త్రీలు తమకు తెలిసిన వేధింపులను తప్పక నివేదించాలి. ఎవరికి? చర్చి అధికారులకు. పోలీసుల సంగతిని ఆయా దేశాల చట్టాలకు వదిలేశారు. మన దేశంలో ఆ చట్టం ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై అలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. బిషప్‌కు చెప్పేశాం కదా అంటే చాలదు.

పదవుల వార్తల్లోనూ ఇదే తంతు. 2018 సెప్టెంబరులో, కన్యస్త్రీపై అత్యాచారం చేశారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న జలంధర్ బిషప్ ఫ్రాంకో ములక్కల్‌ను వాటికన్ తొలగించిందన్నట్టు వార్తలు తిరిగాయి. నిజానికి ఆయనే కోరితే తాత్కాలికంగా బాధ్యతల నుంచి తప్పించారు. 2022 జనవరిలో విచారణ కోర్టు ఆయన్ను నిర్దోషి అంది. రాజీనామా 2023 జూన్‌లో వచ్చింది.

అంకెల దగ్గర ఇంకా నిదానించాలి. ఫ్రాన్స్‌లో చర్చి వేధింపులపై 2021లో వచ్చిన నివేదికలోని 2,16,000 మంది బాధితులన్నది సర్వే మీద కట్టిన అంచనా, ఫిర్యాదుల చిట్టా కాదు. అంచనాయే కదా అని కొట్టిపారేయకండి. నోరు విప్పనివాళ్లనూ లెక్కలోకి తేవాలంటే వేరే దారి లేదు. 2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టేందుకు ఆధారాలున్నాయా అని చూసే పౌరుల బృందం) 300 మందికి పైగా గురువుల పేర్లు చెబితే ఇద్దరి మీదే కేసు పెట్టగలిగారు. అంతమాత్రాన మిగతావి అబద్ధాలని కాదు. చాలామంది చనిపోయారు, చాలా కేసులకు గడువు దాటిపోయింది.

నేను గురువులంటే గౌరవమున్న క్యాథలిక్కునే. చర్చికి మంచిపేరు తెచ్చే శీర్షికనైతే ఇంకా గట్టిగా నిలదీస్తాను, దాన్ని నమ్మాలని మనసు ముందే తొందరపడుతుంది కాబట్టి.

పంపేముందు మరొక్కటి చూడండి. బిడ్డ పేరు, ఫొటో, బడి, ఇంటి గుర్తులు వార్తలో ఉంటే ఎవరికీ పంపకండి. వాటిని ప్రచురించడాన్ని పోక్సో 23వ సెక్షన్ నిషేధించింది.