చెన్నై కోటలో లేని గుడిని వెతకడం ఎలా

మా అమ్మ గుంటూరు నుంచి చెన్నై వచ్చినప్పుడల్లా మంగళవారం అర్మీనియన్ వీధికి తీసుకెళ్లమంటుంది. అక్కడి కతోలిక గుడిలో పునీత అంతోనివారి దగ్గర కొవ్వొత్తి వెలిగించాలి. ఓసారి అక్కడే కూర్చుని, "ఈ గుడి కట్టిన పాదరీలు అంతకుముందు ఎక్కడుండేవార్రా?" అని అడిగింది. ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే సెయింట్ జార్జి కోట లోపల ఒకప్పుడుండిన పునీత అంద్రెయ గుడి తెలిసింది. ఇప్పుడక్కడ దాని గోడ ముక్క కూడా లేదు. అయినా వెతకొచ్చు. నేను చేసిన పద్ధతి చెప్తాను.

మొదట పేరు సరిచూసుకోండి. నేను "సెయింట్ ఆండ్రూస్" అని వెతికి, ఎగ్మోర్‌లో అదే పేరున్న చర్చి చుట్టూ రెండు ఆదివారాలు తిరిగాను. అది 1821 నాటి స్కాటిష్ ప్రొటెస్టెంట్ల చర్చి, దీనికి ఏ సంబంధమూ లేదు. ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో మన గుడి పేరు "పోర్చుగీస్ చర్చి". పాదరీలేమో ఫ్రెంచివాళ్లు, కపూచిన్ అనే కతోలిక సన్యాసుల సభవాళ్లు. ఆ పేరుతో వెతికితేనే దొరుకుతుంది.

తర్వాత ఒక మనిషిని పట్టుకోండి. ఇక్కడ ఈ గుడి మొదలుపెట్టిన ఫాదర్ ఎఫ్రాయిమ్. బర్మాలోని పెగూకి బయలుదేరి 1642లో మద్రాసులో ఆగిన మనిషి, ఇంగ్లిష్‌వాళ్లు ఉండిపొమ్మంటే ఉండిపోయాడు. 1649లో మైలాపూర్ పోర్చుగీసువాళ్లు ఆయన్ని పట్టుకుని గోవాలోని ఇంక్విజిషన్‌కి, అంటే కతోలిక మత విచారణ కోర్టుకి పంపారు. విడిపించడానికి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా మైలాపూర్ మీద ఒత్తిడి తెచ్చాడు. ఒక ఫ్రెంచి సన్యాసి కోసం గోల్కొండ కదిలిందన్న సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక కాగితాలు. కంపెనీ కౌన్సిల్ రోజువారీ రాతలు, అంటే కన్సల్టేషన్ పుస్తకాలు, మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. ఒక జాగ్రత్త: 1752కి ముందు ఇంగ్లిష్ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి సంగతులు పాత సంవత్సరం కింద ఉండొచ్చు. పక్క సంపుటం కూడా తిరగేయండి.

గుడి ఎందుకు పోయిందో ముందే తెలిస్తే ఏ సంవత్సరాలు చదవాలో తెలుస్తుంది. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. ఒప్పందం ప్రకారం 1749లో తిరిగిచ్చేశారు. కపూచిన్ పాదరీలు శత్రువుకి సాయపడ్డారని ఇంగ్లిష్‌వాళ్లు అనుమానించి, గుడిని స్వాధీనం చేసుకుని పడగొట్టారు. వెపేరీలో అర్మీనియన్ వర్తకుడు కోజా పెట్రస్ ఉస్కాన్ ఆదరించిన కతోలిక గుడిని కూడా 1752లో ప్రొటెస్టెంట్ మిషనరీలకి ఇచ్చేశారు. పడగొట్టినవాళ్ల రాతల్లోనే ఈ గుడి గురించి చదవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు కోటకి వెళ్లండి. గుర్తింపు కార్డు మర్చిపోవద్దు, లోపల సచివాలయం, ఆర్మీ ఉన్నాయి. మ్యూజియంకి శుక్రవారం సెలవు. గవర్నర్ థామస్ పిట్ కాలం నాటి మ్యాప్‌ని పల్చటి కాగితం మీద ప్రింట్ తీసుకుని ఇప్పటి మ్యాప్ మీద పెట్టి చూడండి. కోటగోడల్ని ఆనవాలుగా తీసుకోవద్దు. 1750ల తర్వాత పడమటి వైపు ఏటి దారి మళ్లించి, కోటని అటు పెంచారు. 1680 నుంచి కదలకుండా ఉన్నది సెయింట్ మేరీస్ చర్చి. రెండు మ్యాపుల్లోనూ దాన్ని కలిపి, అక్కణ్ణించి కొలవండి.

ఆ చర్చి ఆవరణలో నేలంతా సమాధిరాళ్లే. వాటి కింద ఎవరూ లేరు. ఇప్పటి లా కాలేజీ దగ్గరుండిన పాత శ్మశానం నుంచి తెచ్చి పరిచారు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. మధ్యాహ్నం నున్నగా కనిపించే రాయి మీద పొద్దున అక్షరాలు నీడ తేలి చదవొస్తాయి. లాటిన్, పోర్చుగీసు రాతలు కనిపిస్తే ఆగి ఫోటో తీసుకోండి. సుద్ద రాయొద్దు, నీళ్లు పోయొద్దు.

చివరిగా అర్మీనియన్ వీధి. కోటలో గుడి పోయాక కపూచిన్లు చేరింది అక్కడికే, నడిచే దూరమే. మంగళవారం మాత్రం వద్దు, జనం విపరీతంగా ఉంటారు. మా అమ్మ మంగళవారమే అంటుంది కాబట్టి మేం పొద్దున ఆరింటికే వెళ్తాం.