కొండల్లో అడవి పంది వేట – మూడో పాఠం: నేలను చదవడం, గాలిని కనిపెట్టడం

మొదటి పాఠంలో హంటర్ ఎడ్యుకేషన్ పరీక్ష, లైసెన్సు, 2024 జూలై నుంచి పాత ట్యాగుల బదులు వచ్చిన పంది వేలిడేషన్ (లైసెన్సుకి తోడు తీసుకునే పంది వేట అనుమతి) గురించి చెప్పుకున్నాం. రెండో పాఠంలో రైఫిల్‌ని నూరు గజాలకి జీరో చేసుకున్నాం, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తూటా తగిలేలా సరిచేసుకున్నాం, రాగి తూటాలతోనే. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం తూటాలు వాడకూడదు. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లో సీసం ముక్కలు తిని కాండర్ రాబందులు చనిపోతూ వచ్చాయి, అందుకే ఈ చట్టం. ఈ పాఠంలో మాత్రం తుపాకీ పెట్టెలోనే ఉంటుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ రాష్ట్రంలో పందులు ఎక్కువగా ఉండేది ప్రైవేటు రాంచ్‌ల్లో, అంటే పశువుల్ని మేపే పెద్ద భూముల్లో. లాస్ పాడ్రెస్ నేషనల్ ఫారెస్ట్ లాంటి ప్రభుత్వ భూముల్లో అవి తిరుగుతూ ఉంటాయి: నాలుగు రోజులు ఒక లోయలో, ఆ తర్వాత రెండు గుట్టల అవతల. అందుకే పోయిన వారం నాటి గుర్తు మనకి పనికిరాదు. నిన్న రాత్రిది కావాలి. ఏది నిన్నటిదో, ఏది పాతదో తేల్చుకోవడమే ఈ పాఠం.

ఈ పందులు ఇక్కడివి కావు. స్పెయిన్ పాద్రీలు ఇక్కడ మిషన్లు (చర్చి స్థావరాలు) కట్టిన కాలంలో, అంటే 18వ శతాబ్దంలో, తెచ్చిన పెంపుడు పందులు అడవిలో కలిశాయి. 1920లలో జార్జ్ గోర్డన్ మూర్ అనే ధనవంతుడు నార్త్ కరోలినా కొండల నుంచి యూరప్ జాతి అడవి పందుల్ని తెప్పించి మాంటెరే కౌంటీలో వదిలాడు. రెండూ కలిసిపోయాయి. అందుకే ఒకే మందలో నల్లటి బిరుసు వెంట్రుకల పందీ, మచ్చల పందీ కనిపిస్తాయి.

తవ్విన చోటు

పంది ముట్టెతో పచ్చికని చాపలా తిరగేస్తుంది. ఇక్కడి నేల ఉడుతా, బ్యాడ్జర్ అనే జంతువూ అయితే బొరియ తవ్వుతాయి, మట్టి ఒక పక్కకి కుప్పగా పడుతుంది. పంది తవ్విన చోట బొరియ ఉండదు. దుక్కి దున్నినట్టు నేల వెడల్పుగా లేచి ఉంటుంది, గడ్డి వేళ్లు పైకి తేలి ఉంటాయి.

అది ఎప్పటిదో చూడటం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. అనంతపురం జిల్లాలో మాది వేరుశనగ చేను. కాయ ఊరే రోజుల్లో పందులు రాత్రికి రాత్రి సాళ్లు సాళ్లే తవ్వి పోయేవి. తెల్లారగానే నాన్న గొంతుక్కూర్చుని, తిరగబడ్డ పెళ్ల కింది మట్టి తీసి పిడికిట్లో బిగించేవాడు. ఉండ కట్టి, వేలితో నొక్కితే విరిగిందా, అవి తెల్లవారుజామున వచ్చాయి. వేళ్ల సందుల్లోంచి పొడిలా జారిపోయిందా, మొన్నటి తవ్వకం. (అక్కడ మేం చేసింది చూడటం, డబ్బాలు మోగించడం, అంతే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడవి పందిని చంపడం నేరం. ఈ పాఠాల్లో వేట గురించి చెప్పేదంతా కాలిఫోర్నియాకే వర్తిస్తుంది.)

అదే పరీక్ష ఇక్కడ మాంటెరే వైపు శాంటా లూసియా కొండల్లోనూ పనిచేస్తుంది, వేసవి ఎండల్లో మరీ బాగా. మట్టితో పాటు ఇంకో మూడు చూడండి. తిరగబడ్డ గడ్డి వేరు తెల్లగా ఉందా, గోధుమ రంగుకి తిరిగిందా? పెళ్ల అంచు కత్తితో కోసినట్టుందా, రాలి గుండ్రబడిందా? గుంటకి అడ్డంగా సాలీడు గూడు కట్టిందా? గూడు కట్టి ఉంటే ఇక అక్కడ ఆగకండి. వాన పడ్డ మర్నాడు మాత్రం మట్టి పరీక్షని నమ్మొద్దు, అన్నీ కొత్తగానే కనిపిస్తాయి.

అడుగు

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది జింక అడుగుతో. జింక డెక్క ముందుకు సన్నగా, మొనదేలి ఉంటుంది. పంది డెక్క మొద్దుగా, కాస్త గుండ్రంగా ఉంటుంది. మెత్తటి నేలలో వెనకవైపు రెండు చిన్న గిట్టల గుర్తులు కూడా పడతాయి. పందికి అవి డెక్క వెడల్పుని దాటి బయటికి వస్తాయి, జింకకి సరిగ్గా వెనకాలే ఉంటాయి. ఈ ఒక్క తేడా చాలు. చిన్న అడుగులు గుంపుగా ఉంటే తల్లీ పిల్లలు. పెద్ద అడుగు ఒంటరిగా పోయి ఉంటే బహుశా మగది.

బురద గుంట

పందికి చెమట పట్టదు, అంటే ఒళ్లు చల్లబడేంతగా పట్టదు. అందుకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నీటి ఊట దగ్గరే దాని బతుకంతా. పగలు ఉత్తరపు వాలులో చొరరాని పొదల్లో పడుకుంటుంది, పొద్దు వాలాక దిగి బురదలో పొర్లుతుంది. గుంటలో నీళ్లు ఇంకా కలకబారి ఉంటే అది వెళ్లి ఎంతోసేపు కాలేదు. తేరుకుని ఉంటే చుట్టూ ఉన్న చెట్లు చూడండి. పొర్లిన పంది తిన్నగా వెళ్లి దగ్గర్లోని చెట్టుకి ఒళ్లు రుద్దుకుంటుంది. బెరడు మీద బురద ఎంత ఎత్తున ఉందో పంది దాదాపు అంత ఎత్తు. మీ మోకాలు దాటి ఉంటే పెద్దదే. ఆ బురదని వేలితో తాకండి, అంటుకుంటే తాజాది. అందులో చివర చీలిన బిరుసు వెంట్రుక ఒకటైనా దొరుకుతుంది. అక్టోబర్ వచ్చాక ఓక్ కాయలు రాలతాయి, అప్పుడు ఊటలు వదిలేసి ఓక్ చెట్ల కిందికి పోవాలి.

తగిలితే ఒళ్లంతా దురద, దద్దుర్లు తెప్పించే మూడాకుల పొద పాయిజన్ ఓక్ ఊటల పక్కనే దట్టంగా పెరుగుతుంది. పొడుగు చేతుల చొక్కా లేకుండా వంగొద్దు.

గాలి

పందికి చూపు అంతంతమాత్రం. వాసన పట్టడంలో మాత్రం దానికి సాటి లేదు. గుర్తులన్నీ సరిగ్గా చదివి కూడా గాలి దగ్గర తప్పితే పని అక్కడితో అయిపోతుంది.

కొండల్లో గాలికి ఒక పద్ధతి ఉంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువుగా వాలు వెంట కిందికి జారుతుంది. పొద్దెక్కి వాలు మీద ఎండ పడ్డాక వేడెక్కి పైకి లేస్తుంది. తెల్లవారుజామున మీరు పైన ఉంటే మీ వాసన లోయలోకి పోతుంది, కాబట్టి కింది నుంచి రావాలి. ఎండ పడ్డాక పై నుంచి రావాలి. ఈ రెంటికీ మధ్య ఒక అరగంట గాలి ఎటూ తేలక సుడులు తిరుగుతుంది. అప్పుడు కదలకండి.

నేను కదిలాను. ఎనిమిదిన్నర అయింది, బురద ఇంకా తడిగా ఉన్న గుంట దొరికింది, ఆత్రం ఆపుకోలేకపోయాను. ఇంకో ఇరవై అడుగులు వేశానో లేదో, మెడ వెనక చల్లగా తగిలింది. ముందున్న పొదలోంచి ఒక్క గుర్రుమన్న శబ్దం, ఆ వెంటే కొమ్మలు విరుచుకుంటూ మంద మొత్తం దిగువకి పోయింది. ఒక్కదాని వీపు కూడా కనపడలేదు. ఆ లోయలో మళ్లీ తాజా గుర్తు చూడటానికి నెల పట్టింది.

చిన్న ప్లాస్టిక్ సీసాలో టాల్కం పౌడర్ పోసి జేబులో పెట్టుకోండి. యాభై అడుగులకోసారి ఒక్క నొక్కు నొక్కి, పొడి ఎటు పోతుందో కనుమరుగయ్యే దాకా చూడండి. చేతి దగ్గర ఒకవైపు, పది అడుగుల అవతల ఇంకోవైపు పోవడం మీరే గమనిస్తారు.

ఈ వారం అభ్యాసం

మోర్గాన్ హిల్ పైన ఉన్న హెన్రీ కో స్టేట్ పార్క్‌కి వెళ్లండి. అక్కడ వేట నిషేధం, పందులు మాత్రం బోలెడు. పిల్లల్నీ తీసుకెళ్లొచ్చు. దారి పక్కన మీరు చూసిన ప్రతి తవ్వకానికీ ఫోటో తీసి, ఎన్నాళ్లదో మీ అంచనా రాసుకోండి.

ఇంటికొచ్చాక పెరట్లో బూటు మడమతో ఒక గడ్డి పెళ్లని తిరగేయండి. గంట తర్వాత ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున, మూడో రోజు చూడండి. ప్రతిసారీ మట్టి పిడికిట్లో పట్టి చూసి, వేరు రంగు రాసుకోండి. తర్వాత పార్క్ ఫోటోలు మళ్లీ తెరిచి మీ అంచనాలు దిద్దుకోండి. నాలుగో పాఠంలో తుపాకీ బయటికి తీస్తాం, పంది గుండె మనం అనుకునే చోటుకన్నా ఎంత కిందికి, ఎంత ముందుకి ఉంటుందో చూద్దాం.