62 ముక్కల టారో పేకతో జోస్యం తేడా కొడుతుంటే

ముందు ముక్కలు లెక్కపెట్టండి. నా దగ్గరికి వచ్చే సమస్యల్లో చాలావరకు ఇక్కడే తేలిపోతాయి, అయినా ఎవరూ లెక్కపెట్టరు. ఇటలీలోని బొలోన్యా పేక అయితే 62 ఉండాలి. అందులో 22 తురుపులు, మిగతావి నాలుగు రంగుల్లో (కత్తులు, కప్పులు, నాణేలు, కర్రలు) పదేసి చొప్పున 40. ఆస్ట్రియా టారోక్ పేక అయితే 54. ఇవి ఆట కోసం పుట్టిన పేకలు, అందుకే ఆటకు అక్కర్లేని చిన్న ముక్కలు తీసేశారు. కలపడం, పరచడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

"2, 3, 4, 5 ఏ రంగులోనూ లేవు. వాపసు పంపాలా?"

అక్కర్లేదు. బొలోన్యా పేకలో ఒక్కో రంగుకు ఆసు, 6 నుంచి 10 దాకా అంకెలు, నాలుగు బొమ్మ ముక్కలు, అంతే. దయచేసి వేరే పేక నుంచి ముక్కలు తెచ్చి కలపకండి. వెనక డిజైన్ వేరుగా ఉంటే తిప్పకముందే ఏ ముక్కో తెలిసిపోతుంది. జోస్యానికి ఎక్కువగా వాడే 78 ముక్కల టారో పేకలో దుఃఖానికి గుర్తు కత్తుల 3, అది లేకపోతే దుఃఖం ఎలా కనిపిస్తుందని అడుగుతారు. బొలోన్యా పాత పద్ధతిలో కన్నీళ్లకు కత్తుల 10 ఉంది.

"తిరగబడ్డ ముక్క ఒక్కటీ రావట్లేదు"

రాదు. బొమ్మకు రెండు వైపులా తల ఉంది, ఎలా పెట్టినా నిటారుగానే కనిపిస్తుంది. తలకిందుల అర్థాలు పక్కనపెట్టి, పక్క ముక్కతో కలిపి చదవండి.

"మహారాణి, చక్రవర్తి, పోప్ కనిపించట్లేదు"

1725లో బొలోన్యాలో పోప్ ప్రతినిధికి కోపం వచ్చి, పోప్, స్త్రీ పోప్, చక్రవర్తి, మహారాణి ముక్కల్ని తీసేయించారు. వాటి స్థానంలో నలుగురు మూర్‌లు, అంటే ఉత్తర ఆఫ్రికా ముస్లింల బొమ్మలు, వచ్చారు. ఆటలో నలుగురిదీ ఒకే స్థాయి, కాబట్టి ఏ మూర్ మహారాణి అని వెతకడం దండగ.

"జోస్యం అతకట్లేదు. మంచి ప్రశ్నకు కూడా భయపెట్టే జవాబే వస్తోంది"

అసలు ప్రమాదం ఇక్కడుంది. నేనూ ఇందులోనే దెబ్బతిన్నాను. ఒకావిడ కూతురి ఉద్యోగం గురించి అడిగింది. చివరి ముక్క 16. అలవాటుకొద్దీ 16 అంటే పిడుగు పడి కూలే బురుజు అనుకుని, కొన్నాళ్లు ఆగమన్నాను. ఆమె వెళ్లాక ముక్కలు సర్దుతూ చూస్తే అది నక్షత్రం. బొలోన్యా పేకలో 16 నక్షత్రమే, బురుజు 15. ఆ రాత్రే ఫోన్ చేసి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను.

కారణం ఏమిటంటే, ఈ పేకలో తురుపుల వరస వేరు, అంకెలు మధ్యలోని 12 ముక్కలకే ఉంటాయి. 5 ప్రేమ, 6 రథం, 7 మితం, 8 న్యాయం, 9 బలం, 10 చక్రం, 11 ముసలివాడు, 12 ద్రోహి, 13 మరణం, 14 దయ్యం, 15 బురుజు, 16 నక్షత్రం. వాటిపైన చంద్రుడు, సూర్యుడు, ప్రపంచం, అన్నిటికన్నా పైన దేవదూత. ఈ నాలుగింటికీ అంకె లేదు. 78 ముక్కల పేక గురించి రాసిన పుస్తకంలో ప్రేమ 6, రథం 7, దయ్యం 15, బురుజు 16. ఒక్క అంకె తేడా. అయితే 10, 12, 13 మాత్రం రెండింట్లోనూ సరిగ్గా కలుస్తాయి, పుస్తకాన్ని బట్టి 8 కూడా. మనిషి పరీక్షగా రెండు ముక్కలు తీసి చూస్తాడు, అవి చక్రం, మరణం అయితే సరిపోయాయని మిగతావీ నమ్మేస్తాడు. నేనూ అలాగే నమ్మాను.

మీ పేకలోంచి 7, 11, 16 తీసి ముందు పెట్టుకోండి. చూడగానే నోటికి రథం, న్యాయం, బురుజు వచ్చాయంటే మీరు బొమ్మను వదిలేసి అంకెను చదువుతున్నట్టే. ఒక వారం పాటు ముక్క పట్టుకున్నప్పుడు అంకెను బొటనవేలితో మూసి, ముందు బొమ్మ పేరు పైకి చెప్పి, ఆ తర్వాతే అర్థానికి వెళ్లండి. 22 పేర్లు మీ చేత్తో మీరే ఒక కాగితం మీద రాసుకోండి.

అర్థాల కోసం బొలోన్యాదే ఒక పాత జాబితా ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పేకల చరిత్ర పరిశోధకుడు ఫ్రాంకో ప్రతేసి గుర్తించిన 18వ శతాబ్దపు రాతప్రతి అది, 35 ముక్కలకు అర్థాలు ఇస్తుంది. నక్షత్రం అంటే కానుక, మితం అంటే కాలం, ప్రపంచం అంటే దూర ప్రయాణం, దేవదూత అంటే పెళ్లి, కప్పుల ఆసు అంటే ఇల్లు. ఎంత తేటగా ఉన్నాయో చూడండి. నేను కూలిపోవడం అని చెప్పిన చోట ఆ పేక కానుక అంటోంది.

"ఆస్ట్రియా పేకలో తురుపుల మీద పల్లె మనుషులు, నాట్యాలు ఉన్నాయి. మరణం ఏది?"

లేదు. అక్కడ పాత బొమ్మలు తీసేసి మామూలు జీవిత దృశ్యాలు వేశారు. రోమన్ అంకె చూసి పుస్తకం అర్థం అతికించకండి, దృశ్యాన్నే చదవండి. ఒక జాగ్రత్త: ఆఠీను, డైమనుల్లో 1 నుంచి 4, ఇస్పేటు, కళావరుల్లో 7 నుంచి 10 ఉంటాయి. ఎర్ర రంగుల్లో అంకెల ముక్కల్లో 1 పెద్దది, 4 చిన్నది.

రెండు పేకలు కలిసిపోవడం, అచ్చు తప్పు, కొత్త ముక్కలు ఒకదానికొకటి అంటుకోవడం అరుదు. 62 లెక్క సరిపోతే వాటి గురించి టెన్షన్ పడనక్కర్లేదు. సిసిలీ పేక 63 ముక్కలది, అందులో తురుపులే వేరు, ఈ వరస దానికి పనికిరాదు.