మనింట్లో గన్ లేకపోయినా సరే: అమెరికాలో పిల్లలున్న తెలుగువాళ్లు తాళం గురించి చేయాల్సిన పనులు

స్కూళ్లు తెరిచిన కొత్తలో ఇంటికొచ్చే కాగితాల్లో, ఈమెయిళ్లలో "ఇంట్లో తుపాకీ ఉంటే తాళం వేసి ఉంచండి" అని చెప్పే పేజీ ఒకటి చాలాచోట్ల కనిపిస్తోంది. కాలిఫోర్నియాలో 2023-24 విద్యా సంవత్సరం నుంచి స్కూళ్లు దాన్ని ప్రతి ఏడాదీ తల్లిదండ్రులకు పంపాలని చట్టమే ఉంది. మనవాళ్లు చాలామంది "మనకు గన్ లేదుగా" అనుకుని ఆ పేజీ చదవకుండానే పక్కన పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. మీ పిల్లలు ఆడుకునేది మీ ఇంట్లోనే కాదు, పక్కింట్లో, ఫ్రెండ్ ఇంట్లో, పుట్టినరోజు స్లీపోవర్‌లో కూడా. ఆ ఇళ్లలో ఏముందో మీకు తెలియదు.

2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల వయసు వాళ్ల మరణాలకు మొదటి కారణం తుపాకులే, కారు ప్రమాదాలను కూడా దాటేశాయి. 2021లో చేసిన ఒక జాతీయ సర్వే ప్రకారం, లోడ్ చేసి తాళం లేకుండా వదిలేసిన గన్ కనీసం ఒకటైనా ఉన్న ఇళ్లలో దాదాపు 46 లక్షల మంది పిల్లలు పెరుగుతున్నారు. 2008-2017 మధ్య స్కూళ్లలో జరిగిన దాడులను సీక్రెట్ సర్వీస్ పరిశీలిస్తే, తుపాకీ వాడిన కేసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల్లో ఆ తుపాకీ అమ్మానాన్నల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో వచ్చింది. ఆ తుపాకీకి తాళం ఉండి ఉంటే ఏమయ్యేదో ఒకసారి ఆలోచించండి.

ముందు మీ వీసా సంగతి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. సరైన హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ ఫ్రెండ్ చెప్పాడని వాటిని నమ్ముకోకుండా లాయర్‌ని అడగండి, వీసా పోగొట్టుకునే వ్యవహారం ఇది. అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు 2024లో తన గన్ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయిన వార్త మనందరం చదివాం. ఆ ఇంట్లో వాళ్లకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లలో, ముఖ్యంగా గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు, లిక్కర్ స్టోర్లు నడిపేవాళ్లలో గన్ కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ కింద తాళం గురించి రాసింది ముందుగా వాళ్ల కోసం.

తాళం ఎక్కడ దొరుకుతుంది?

చాలాచోట్ల ఉచితంగానే. మీ ఊరి పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి (911కి కాదు) "ఉచిత గన్ లాక్‌లు ఉన్నాయా" అని అడగండి. తుపాకీ పరిశ్రమ సంఘమే 1999 నుంచి నడుపుతున్న ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద ఇప్పటిదాకా 4 కోట్లకు పైగా కిట్లు పంచారు, కొన్నేళ్లపాటు దానికి కేంద్ర న్యాయ శాఖ నిధులు కూడా వచ్చాయి. ఒక్కో కిట్‌లో ఒక కేబుల్ లాక్ (గన్‌లోంచి దూర్చి వేసే తీగ తాళం), చిన్న పుస్తకం ఉంటాయి, ఇవి ఎక్కువగా పోలీసు స్టేషన్ల ద్వారానే పంచుతారు. మాజీ సైనికులకు వెటరన్స్ శాఖ విడిగా ఇస్తుంది. సియాటిల్ దగ్గర రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు ఉన్నవాళ్లకు కింగ్ కౌంటీ ప్రజారోగ్య శాఖ 'లాక్ ఇట్ అప్' అనే కార్యక్రమం నడుపుతోంది, లాక్ బాక్సుల మీద తగ్గింపు ఇచ్చే షాపుల జాబితా వాళ్ల దగ్గర దొరుకుతుంది, పైగా వాషింగ్టన్ రాష్ట్రంలో గన్ సేఫ్ మీద సేల్స్ ట్యాక్స్ లేదు. టెక్సస్‌లో పబ్లిక్ సేఫ్టీ శాఖ 'కీప్ ఎమ్ సేఫ్' పేరుతో ప్రచారం చేస్తోంది. 2023లో వైట్‌హౌస్‌లో తుపాకీ హింస నివారణకు ఒక ఆఫీసు పెట్టారు గానీ 2025లో మూసేశారు, కాబట్టి మీకు పనికొచ్చేది మీ రాష్ట్రం, మీ కౌంటీ దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది.

లైసెన్స్ ఉన్న షాపులో హ్యాండ్‌గన్ కొంటే దాంతోపాటు తాళమో, భద్రంగా పెట్టే పెట్టెనో ఇవ్వాలని 2005 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది. ఇవ్వాలనే చెబుతుంది, వేసుకోమని కాదు. అందుకే ఎన్నో తాళాలు ప్యాకెట్ కూడా విప్పకుండా డ్రాయర్లలోనే ఉండిపోతున్నాయి.

ఎలా వేయాలి?

పిల్లలు గదిలో లేనప్పుడు చేయండి. గొట్టం ఎవరూ లేని దిక్కుకు ఉండాలి, వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు. పిస్టల్ అయితే ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేయండి, తర్వాత స్లైడ్ (గన్ పైన వెనక్కి జరిగే భాగం) వెనక్కి లాగి చాంబర్‌లో (పేలే ముందు తూటా ఉండే చోట) తూటా ఉందేమో కంటితో చూడండి, వేలితో తడిమి కూడా చూడండి. ఇక్కడే జనం పొరపాటు పడతారు, మ్యాగజైన్ తీస్తే గన్ ఖాళీ అయిపోయిందనుకుంటారు, కానీ చాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండొచ్చు, మనిషి ప్రాణం పోవడానికి అదొక్కటి చాలు. స్లైడ్‌ను వెనక్కే నిలబెట్టి, పేలిన తూటాల ఖాళీ తొడుగులు బయటపడే కిటికీలోంచి కేబుల్ దూర్చి, మ్యాగజైన్ పెట్టే ఖాళీలోంచి కిందికి లాగి తాళం వేయండి. సరిగ్గా వేస్తే స్లైడ్ పూర్తిగా మూసుకోదు, మూసుకుంటోందంటే మళ్లీ వేయాలి. రివాల్వర్, రైఫిల్, షాట్‌గన్‌లకు పద్ధతి వేరు, కిట్‌లోని పుస్తకంలో బొమ్మలు ఉంటాయి. అర్థం కాకపోతే గన్‌ను స్టేషన్‌కు పట్టుకుపోకండి, ముందు ఫోన్ చేసి ఎలా రమ్మంటారో కనుక్కోండి.

తూటాలు విడిగా, వేరే తాళం కింద పెట్టాలి. పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది కూడా ఇదే: అసలు ఇంట్లో లేకపోవడం అన్నిటికన్నా మంచిది, ఉంటే మాత్రం ఖాళీగా, తాళం వేసి, తూటాలు వేరే తాళంలో. తాళంచెవి మీ ఇంటి తాళాల గుత్తికి తగిలించకండి. నంబర్ లాక్ అయితే పుట్టినరోజులు, పెళ్లిరోజు, ఫోన్ పాస్‌కోడ్ వద్దు, అవన్నీ పిల్లలకు కంఠతా వస్తాయి.

కేబుల్ లాక్ పిల్లలను ఆపుతుంది, కట్టర్ తెచ్చుకున్న దొంగను ఆపలేదు. స్టోర్‌లో కౌంటర్ కింద గన్ పెట్టుకునేవాళ్లు గోడకో నేలకో బిగించిన చిన్న సేఫ్ కొనుక్కోండి. కారు గ్లవ్ బాక్స్‌లో మాత్రం వదలొద్దు. వేలిముద్రతో తెరుచుకునే సేఫ్ కొంటే ఇంకో జాగ్రత్త ఉంది. 12 ఏళ్ల బాలుడి మరణంపై కేసు పడ్డాక, 2023 అక్టోబరులో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఒక కంపెనీ చేత దాదాపు 61,000 సేఫ్‌లు వెనక్కి తీయించింది, ఎందుకంటే వేలిముద్ర నమోదు చేయనంతవరకు అవి ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయి. కొన్న రోజే మీ వేలిముద్ర ఎక్కించి, తర్వాత ఇంకొకరి వేలితో తెరుచుకుంటుందేమో చూడండి.

ఇక దాచిపెట్టడం గురించి. బీరువా పైన, పరుపు కింద, చీరల మధ్య, సూట్‌కేస్‌లో. ఇది భద్రత కాదు. అలబామాలో చేసిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది, గన్ ఎక్కడుందో మా పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది పిల్లలు తమకు తెలుసని చెప్పారు. "మావాడికి చెప్పాం, ముట్టుకోడు" అనేవాళ్ల కోసం ఇంకోటి: అట్లాంటాలో 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలు 64 మందిని, నిజమైనదే కానీ తూటాల్లేని గన్ దాచిన గదిలో గుంపులుగా వదిలి అద్దం వెనక నుంచి చూశారు. 48 మందికి అది కనిపించింది, 30 మంది చేతిలోకి తీసుకున్నారు, 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. అలా పట్టుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా అంతకుముందు గన్ భద్రత గురించి ఏదో ఒక పాఠం విన్నవాళ్లే. పిల్లలకు చెప్పండి, తప్పకుండా చెప్పండి, కనిపిస్తే ముట్టుకోకుండా బయటికొచ్చి పెద్దవాళ్లకు చెప్పమనండి, కానీ ఆ మాట మీద భారం వేసి తాళం మానేయకండి.

చట్టం రాష్ట్రానికో రకంగా ఉంటుంది. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి పేల్చడానికి సిద్ధంగా ఉన్న గన్ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే నేరం, దాంతో ప్రాణం పోయినా తీవ్ర గాయమైనా ఏడాది వరకు జైలు పడొచ్చు. కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి పిల్లలున్నా లేకున్నా, గన్ మీ ఒంటి మీదో మీ అదుపులోనో లేనప్పుడు, ఇంట్లో తాళం తప్పనిసరి. మిషిగన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పిల్లలు ఉండే, వచ్చే ఇళ్లలో తాళం వేయాల్సిందే. అక్కడ 2021లో ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులను చంపిన అబ్బాయి తల్లిదండ్రులకు కూడా 2024లో 10 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష పడింది. మీ రాష్ట్రం సంగతి అటార్నీ జనరల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇంట్లో టీనేజ్ పిల్లలుంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే, తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో పదికి తొమ్మిది ప్రాణం తీస్తాయి. మార్కులు, కాలేజీ అడ్మిషన్లు, ఫ్రెండ్స్‌తో గొడవలు, "ఈ వయసులో టెన్షన్ ఏంటి" అని మనం కొట్టిపారేసేవే వాళ్లకు కొండంత బరువు కావచ్చు. పిల్లవాడు కొన్నాళ్లుగా ముభావంగా ఉంటే తాళం మార్చడం సరిపోదు, గన్‌నే కొన్నాళ్లు ఇంట్లోంచి పంపేయండి. కొందరు గన్ షాపులవాళ్లు, కొన్ని పోలీసు శాఖలు తాత్కాలికంగా దాచిపెడతాయి. అలాంటి చోట్ల మ్యాప్ కొలరాడో 2019లో మొదలుపెట్టింది, తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలూ తెచ్చాయి. ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం ఉన్నవాళ్లకు సాయం చేసే 988 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఇంగ్లీషు ఇబ్బందైతే ఫోన్‌లో దుభాషి కావాలని అడగండి. గన్ లేని ఇంట్లో వాళ్లకూ ఈ నంబరు అవసరమే.

ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు వాళ్లకూ విడమరిచి చెప్పాలి. పగలంతా పిల్లలతో ఉండేది వాళ్లే, పక్కింటికి పంపేదీ వాళ్లే. గన్ చూసి ఎరగని పెద్దవాళ్లు బొమ్మ తుపాకీ అనుకునే ప్రమాదం కూడా ఉంది. ఏ ఇంటికి పంపొచ్చో, ఏ ఇంటికి మిమ్మల్ని అడగకుండా పంపకూడదో పేర్లతో సహా చెప్పండి.

పక్కవాళ్లను అడగడం ఎలా?

అందరూ మొహమాటపడేది ఇక్కడే. పిల్లల డాక్టర్ల సంఘంతో కలిసి 2000 నుంచి నడుస్తున్న 'ఆస్క్' ప్రచారం చెప్పేది ఒక్కటే, పిల్లల్ని పంపేముందు అడగండి. ఒంటరిగా ఆ ఒక్క ప్రశ్నే అడిగితే ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి మిగతా వాటితో కలిపేయండి. అమెరికన్ కుటుంబమైతే వేరుశనగ పడదని చెప్పేటప్పుడే, కుక్క ఉందా, స్విమ్మింగ్ పూల్‌కు కంచె ఉందా అని అడిగేటప్పుడే, "ఇంట్లో గన్ ఉంటే తాళంలోనే ఉంటుందా" అని అడగండి, వాళ్లకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. మనవాళ్లయితే మెసేజ్ తేలిక: "అక్కా, శనివారం చిన్నోడు మీ ఇంటికొస్తున్నాడు కదా, ఏమీ అనుకోవద్దు, ఎవరింటికి పంపినా ఇదే అడుగుతున్నాం. ఇంట్లో గన్ ఏమైనా ఉందా? ఉంటే లాక్ చేసే ఉంటుందా? మా ఇంట్లో లేదు." చివరి వాక్యం తప్పకుండా పెట్టండి, మీ ఇంటి సంగతి మీరు చెబితే వాళ్లకు చెప్పడం సులువవుతుంది. ఉంటే "ఉంది, సేఫ్‌లో ఉంది, తూటాలు వేరే చోట" అని నిజమే రాయండి.

జవాబు తేలిగ్గా దాటేసినా, "పైన అల్మరాలో ఉందిలే, ఎవరికీ అందదు" అన్నా వాదన పెట్టుకోనక్కర్లేదు, ఈసారి పిల్లల్ని మా ఇంటికి పంపండని చెప్పేయండి. ఒకసారి అడిగాం కదా అని వదిలేయకండి కూడా, జనం కొత్తగా గన్ కొంటారు, ఇల్లు మారతారు, అన్నయ్య వచ్చి వాళ్లింట్లో ఉంటాడు, కాబట్టి ఎండాకాలం సెలవులకు ముందు ఒకసారి, స్లీపోవర్ ఉన్న ప్రతిసారీ అడగండి.